తల్లిమడి

గొడవ మొదలైంది ఊరగాయ ముక్క మందం దగ్గర. మధ్యాహ్నం భోజనంలో చిన్న పళ్లెంలోంచి ఎర్ర ముక్కనొకదాన్ని అత్తగారు ఫుకి తినే పుల్లలతో పైకెత్తి, కిటికీ వెలుతురుకి అడ్డం పెట్టి, అందులోంచి అవతలి కొండ కనిపిస్తోందన్నట్టు ఒక కన్ను మూసి చూసింది.

"ఇది ముక్కా, తలుపుకి అంటించే కాగితమా?"

"పలుచగా కోస్తే ఇంకో నాలుగు పూటలు వస్తుంది కదాని, అత్తయ్యా. జాడీ అడుక్కొచ్చేసింది."

"వస్తే రానీ. అయిపోయేది దర్జాగా అయిపోవాలి గానీ ఇలా బిచ్చమెత్తుకుంటూ కాదు. కబు దుంప కొరికితే పక్కింటికి వినపడాలి."

"పక్కిల్లు ఖాళీ అయి ఎన్నేళ్లయింది? ఎవరికి వినపడాలిట?"

"నాకు. ఈ చెవులకి. సగం చచ్చిన చెవులు కదాని వాటికీ కోత పెడతావా?"

మసానరి తలెత్తలేదు. తల్లీ పెళ్లామూ ఇలా మాట్లాడుకునేటప్పుడు చారు గిన్నె మొహానికి అడ్డం పెట్టుకోవడం సంసారంలో అతను బాగా నేర్చుకున్న విద్య. "ఏరా, నువ్వు చెప్పు" అని తల్లి గద్దిస్తే గిన్నె వెనకనుంచే "రెండూ బాగున్నాయమ్మా" అన్నాడు. "రెండెక్కడివిరా, ఉన్నది ఒకటేగా!" అంటూ ఫుకి ఆ పలుచని ముక్కనే ఎంత చప్పుడు రాబట్టగలదో అంత చప్పుడుతో నమిలింది.

గిన్నెలు కడిగి బోర్లించి, ఎండటోపీ పెట్టుకుని, కోడలు చిజురు ఇంటి వెనక దేవదారు చెట్ల మధ్య మెట్లదారి ఎక్కింది. సగం మెట్లు ఎక్కేసరికే కోపం దిగిపోయింది, ముక్క మందం మీద వచ్చిన కోపం ఎంతసేపుంటుంది గనక. దిగనిది ఆ ముక్క వెనకాలున్న సంగతి. మళ్లీ కొత్త పంట చేతికొచ్చేదాకా సరిపోయే జాడీ ఈసారి మే నెలలోనే ఎందుకు అడుగు చూపించిందో అత్తగారికీ తెలుసు, తనకీ తెలుసు, ఆ మాట అనలేక ఇద్దరూ ముక్కని చెరో పక్కా పట్టుకు లాగారు. పోయినేడు పోడులో చల్లడానికి విత్తనమే లేదు. పాత డబ్బా అడుగు గీకి చల్లారు. ముల్లంగికీ ఆవకీ చుట్టమైన ఈ గుండ్రటి ఎర్రదుంప, ఈ కబు, లోయ మొత్తం మీద ఈ ఒక్క ఇంట్లోనే మిగిలింది. వేసవి చివర దేవదార్లు కొట్టేసిన కొండవాలు కాల్చి, బూడిద ఇంకా అరికాళ్లకి వెచ్చగా తగులుతుండగానే విత్తనం చల్లుతారు, మంచు పడేలోగా పీకుతారు, పీకినవాటిలో కొన్నిటిని తల్లిదుంపలుగా ఏరి ఈ పైమడిలో మళ్లీ పాతుతారు, అవి మంచుకింద నిద్రపోయి వసంతంలో నిలువెత్తు లేచి పూస్తాయి, ఆ కాయల్లోంచే మళ్లీ విత్తనం. ఏ దుకాణంలోనూ దొరకదు. ఈ తల్లిమడిలో కాయ నిండకపోతే వేసవికి చల్లేందుకు చారెడు గింజలు కూడా లేవు, ఆ తర్వాత ఇంకెప్పటికీ ఉండవు.

మడి పసుపు రంగులో ఊగుతోంది. చుట్టూ దేవదార్లు గిన్నె అంచులా నిలబడి, మధ్యలో ఆ పసుపు, దానిమీద తేనెటీగల రొద, దూరంగా కొండ నెత్తిన ఇంకా కరగని మంచు, కింద లోయలో నీళ్లు పెట్టిన వరిమళ్లు ఆకాశాన్ని ముక్కలుగా కోసి పరిచినట్టు. చూడ్డానికి ఇంతకన్నా బాగా కాసే మడి ప్రపంచంలో ఉండదనిపిస్తుంది. చిజురు వంగి అడుగుకొమ్మని చేతిలోకి తీసుకుంది. పూలు రాలిపోయి కాయలు సాగిన చోటు. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి కాయని మెల్లగా నొక్కుతూ పోతే లోపల గింజలు పూసల్లా ఒకదాని తర్వాత ఒకటి తగలాలి. తగల్లేదు. ఇంకో కాయ. ఇంకోటి. అన్నీ సూదులే, లోపల గాలే. పువ్వు తన పని తాను చేసింది, తేనెటీగ తన పని తాను చేసింది, మధ్యలో ఎక్కడో ఎవరో వద్దన్నారు. పూతవేళ వాన పడిందని ఫుకి కిందటేడు అంది. అంతకుముందేడు తేనెటీగలు లేవంది. ఈ ఏడు వాన లేదు, తేనెటీగలు చెవి పక్కనుంచే పోతున్నాయి.

గట్టు మీద బోర్లించిన కూరల పెట్టె మీద కూర్చుంది చిజురు. కూతురు కొహారు ఇంకా రాలేదు. పొద్దున్నే ఆఫీసుకి సెలవు పెట్టి, నానమ్మకి స్నేహితురాలి ఇంటికని చెప్పి, చిన్న ట్రక్కు వేసుకుని కనుమ దాటి సముద్రం ఒడ్డుకి వెళ్లింది. ఊరి స్పీకరులో సాయంత్రపు పాట మోగేలోగా వచ్చేస్తానంది. అక్కడ ఇంకా పూలుంటే తెస్తుంది. లేకపోతే లేదు. సముద్రం ఒడ్డున వసంతం ఇక్కడికన్నా ముందొస్తుంది, ముందొచ్చింది ముందే వెళ్లిపోతుంది కూడా, ఈపాటికి అన్నీ రాలిపోయి ఉంటే ఏం చేయాలో తనకి తెలియదు, తెలుసుకోవడానికి ఇంకో వసంతం ఉండదు. చెవులు కిందనున్న మలుపు మీదే పెట్టుకుని కూర్చుంది. చేతులు ఊరికే ఉండక దగ్గరున్న పువ్వునొకదాన్ని తుంచి ఒళ్లో పెట్టుకున్నాయి. నాలుగు రేకులు, నడుమ చిన్న పచ్చటి కాడ, దాని కొస కాస్త తడిగా. కళ్లు లేవు, ముక్కు లేదు, చెవి లేదు. అయినా తన మీద వాలిన ధూళి కణం ఎవరింటిదో ఈ కాడ కొస కనిపెడుతుంది. ఎప్పుడో సెందాయ్ కాలేజీలో చేతులకంతా సుద్దపొడి అంటించుకున్న ఒక టీచరమ్మ నల్లబల్ల మీద ఇదే పువ్వుని పెద్దగా గీసి చెప్పింది, ఆవ చుట్టాల్లో చాలావాటికి ఇదో పట్టింపు, తన పుప్పొడిని తను ఒప్పుకోదు, తన గుర్తే ఉన్న దగ్గర చుట్టాన్నీ ఒప్పుకోదు, కణం వచ్చి వాలి మొలకెత్తబోతుంది, పువ్వు దాన్ని ఒకసారి రుచి చూసి, మనింటివాడే అని తెలియగానే తలుపు వేసేస్తుంది. తరగతి అంతా నవ్వింది. వెనక బల్ల మీద ఎవరో "మా అమ్మమ్మ పెళ్లి సంబంధాలు చూసినట్టే ఉందే" అన్నారు. చిజురు ఆ పాఠం పరీక్షలో బాగానే రాసి, ఆ తర్వాత వంటల్లో, మంచు తవ్వడంలో, పిల్ల చదువులో ఎక్కడో పారేసుకుంది. అది ఇన్నేళ్లు ఓపికగా ఆగి ఇక్కడ, తన పెరటి వెనక మడిలో, వేళ్ల మధ్య గాలిగా ఎదురైంది.

అయినా ఊరికే నమ్మేసే మనిషి కాదు తను. చారులో ఉప్పు కూడా రెండుసార్లు చూస్తుంది. పూత మొదట్లోనే ఒక మొక్కకి రెండు కొమ్మల మీద పల్చటి కాగితం సంచులు తొడిగింది, తేనెటీగ వాలకుండా. విచ్చినరోజు ఒక కొమ్మ పూలకి పక్కమొక్క పుప్పొడి కుంచెతో రాసింది. రెండో కొమ్మకి దిగువ వాడలో ఎవరి పెరట్లోనో తలకోత తప్పించుకున్న ఆకుకూర పువ్వు ఒకటి తెచ్చి రాసింది. ఆ పువ్వు తేవడమే తప్పు, ఈ ఇంటికోడలిగా తను కోసి పారేయాల్సిన పువ్వది. రోజులు గడిచాక సంచులు తీసి చూస్తే, సొంతవాళ్ల కొమ్మ మీద సూదులు. పరాయివాడి కొమ్మ మీద కాయలు బొద్దుగా, బుగ్గలు పూరించిన పిల్లల్లా. అప్పుడు ఈ గట్టు మీదే కాళ్లు చాపుకుని కూర్చుండిపోయింది. మొక్కకి ఏ రోగమూ లేదు. గొడ్డుపోలేదు. కాయడానికి ఎంత ఆత్రంగా ఉందో ఆ బొద్దు కాయలే చెబుతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లందరూ తనవాళ్లే కావడంతో ఎవరికీ తలుపు తీయలేక నిలబడింది. ఆకుకూర వంశం విత్తనంలో కలవకూడదని ఆ బొద్దు కాయలన్నిటినీ గిల్లి పారేసింది గానీ, ఒక్కొక్కదాన్నీ ముందు వేళ్ల మధ్య నొక్కి చూసుకుంది. ఇంత చిన్న ప్రాణంలో ఇంత పెద్ద తెలివిని ఎవరు పెట్టారు, ఎప్పటినుంచి ఇది ఇలా తనవాళ్లని కాదని పరాయివాళ్ల కోసం ఎదురుచూస్తోంది, మనిషి ఈ దుంపని మొదటిసారి తవ్వి తిన్ననాటికే దీనికి ఈ పట్టింపు ఉందా. ఉండే ఉంటుంది. మనిషికన్నా చాలా ముందునుంచీ ఉండి ఉంటుంది.

నవ్వొస్తుంది తలుచుకుంటే. పూత మొదలైందంటే ఈ ఇంటివాళ్లకి లోయంతా తిరిగే పని, పూల కాపలా. కబుకి చుట్టాలైన మొక్కలు ఎవరి పెరట్లో పూసినా వెళ్లి తలలు కోసి రావాలి, ఆ పుప్పొడి ఇటు వచ్చి కబుని పాడుచేయకుండా. ఊళ్లోవాళ్లు కాదనరు. "కబు ఇంటివాళ్లొస్తున్నారర్రా, తలలు దాచుకోండి!" అని తమ ఆకుకూర మళ్లకి కేకవేసి చెబుతారు, టీ పోసి కూర్చోబెడతారు. కోడలిగా వచ్చిన తొలి వసంతంలో తను ఒక ముసలాయన చనిపోయిన భార్య పటం ముందు పెట్టుకోవడానికి పెంచుకున్న పూలు కూడా కోసేసింది, ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. అంత జాగ్రత్తగా బయటి తలుపు కాశారు. లోపల ఏం జరుగుతోందో చూడలేదు. లోపల జరుగుతున్నదేమో ఎంతో అందంగా జరిగింది. మంచుకి ముందు రోజు వాకిట్లో చాప పరిచి పీకిన కబులన్నిటినీ పోస్తే, ఫుకి మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ అరచేతిలో తిప్పి చూసేది. చూపుకన్నా చెయ్యి ముందు చెప్పేది ఆమెకి. చక్కటి గుండ్రం, చిక్కటి ఎరుపు, కింద ఒకే ఒక సన్నటి తోక, భుజం మీద మచ్చ ఉండకూడదు. అలాంటిదయితే కుడివైపు. కానిదంతా ఊరగాయకి. ఫుకి అత్తగారి కాలంలో అలా లేదట. ఆవిడ పని తొందర మనిషి, పెద్దవి వండుకోగా మిగిలినవి, వంకరవి, జంట తోకలవి, తెల్ల చారలవి, అన్నీ గంపతో తెచ్చి మడిలో కుమ్మరించి మట్టి కప్పేసేదట. "మా అత్తగారిది కళ్లు మూసుకుని ఏరే పద్ధతి" అని ఫుకి వెక్కిరించేది. ఆమె కోడలిగా పగ్గం పట్టాక కబుకి ఒక రూపం వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. వయసు పెరిగేకొద్దీ ఫుకి కన్ను ఇంకా కఠినమైంది, కుడివైపు కుప్ప ఏడాదికేడాది చిన్నదైంది, చివరికి పోయినేటి తల్లిదుంపలు ఒక్క బుట్టకి సరిపోయాయి. చాప మీద వాటిని వరసగా పెడితే కవలపిల్లల్లా ఉన్నాయని చిజురు కూడా ముచ్చటపడింది. బయటికి కవలలు. ఇప్పుడు తెలుస్తోంది, లోపల కూడా కవలలే అయిపోయారు.

గాలికి మడి ఒకసారి అటు వొంగి ఇటు లేచింది. ట్రక్కు చప్పుడేమో అనుకుంది, కాదు, కింద ఎవరిదో నాట్ల యంత్రం. ఫుకి చెవులు గుర్తొచ్చాయి, సగం చచ్చిన చెవులని మధ్యాహ్నం తనే అంది పాపం. ఆ చెవుల్లో గుబిలి తీసేది చిజురే, వెదురు పుల్లతో, ఆమె తల ఒళ్లో పెట్టుకుని. పెళ్లయిన మొదటి చలికాలం మటుకు తలకిందులు, బయట మంచు కిటికీలదాకా పెరిగిపోయి ఎవరూ ఎక్కడికీ వెళ్లలేని రోజున ఫుకి కొత్త కోడలి తల పట్టి తన ఒళ్లోకి లాక్కుని, దీపం దగ్గరికి జరిగి చెవిలోకి చూసి "ఓహో, పొట్టు చెవి! మాది తేనె చెవమ్మాయ్, నాదీ వీడిదీ, పుల్ల పెడితే జిగటగా వస్తుంది" అంది, ఏదో ఆస్తిలో తేడా కనిపెట్టినట్టు. కొహారు పుట్టాక నెలైనా తిరక్కుండానే దాని చెవి కూడా చూసింది. పొట్టు. ఫుకి "ఇది మీ మామగారి చెవి. మావాడిలో చప్పుడు చేయకుండా దాక్కుని కూర్చుంది, నీదాన్ని చూడగానే ధైర్యం వచ్చి బయటపడింది" అని తేల్చింది. తర్వాత ఒక ఆదివారం పత్రికలో చిజురు చదివింది, ఈ దీవుల్లో మొదట ఉన్నవాళ్లు తేనె చెవులవాళ్లనీ, పొట్టు చెవులవాళ్లు చాలా తర్వాత సముద్రం దాటి వచ్చారనీ, కలిసి కాపురాలు చేసుకున్నారనీ, ఎన్ని వేల చలికాలాలు దాటినా ఆ కలయిక ఇంకా ఒక్కో చెవిలో విడివిడిగా కనిపిస్తుందనీ. పత్రిక మడిచి పెట్టేసి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడింది ఆ రోజు. బియ్యం కడగడం మర్చిపోయింది. తన చెవిలో ఒక పడవ ఉందనిపించింది. ఎవరో పేరు తెలియని మనిషి, ఆడో మగో, అలల మీద తల ఎత్తి ఈ కొండల్ని మొదటిసారి చూసిన మనిషి, ఇప్పుడు తను వెదురు పుల్లతో గీకి కాగితం మీద దులిపే ఆ కాస్త పొట్టులో ఉన్నాడు. ఒడ్డున నిలబడి ఆ పడవని అనుమానంగా చూసిన మనిషి అత్తగారి చెవిలో ఉంది. ఇద్దరూ రోజూ ఒకే వంటింట్లో ముక్క మందం గురించి పోట్లాడుకుంటున్నారు.

ఈ ఇంటి మగవాళ్ల పేర్లు గోడమీద పటాల కింద వరసగా ఉంటాయి, అదే ఇంటిపేరు, అదే ముక్కు, వంశం అంటే అదేనని అందరూ అంటారు. కానీ ఏ తరంలోనూ ఈ ఇంటికి ఈ లోయ పిల్ల కోడలిగా రాలేదు. ఫుకిది ఉత్తరం కనుమ అవతల. ఆవిడ అత్తగారిది నది దిగువ రేవు ఊరు. తనది తూర్పున సెందాయ్ దారిలో. ఎవరూ కూర్చుని పెట్టిన నియమం కాదు, చిన్న లోయ, అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు, అందుకని పిల్లని కొండ దాటి తెచ్చుకునేవాళ్లు. ఒక్కొక్క కోడలూ తన వెంట ఒక లోయని మోసుకొచ్చింది, చెవి, కనురెప్ప, చలికి ఎర్రబడే బుగ్గ, జలుబు తట్టుకునే ఒళ్లు, ఎవరికీ కనిపించని ఇంకెన్నో. కబుని మాత్రం పరాయి గాలి తగలకుండా కాచిన ఇల్లే తన మనుషుల్ని అలా కాచుకోలేదు. కాచుకుని ఉంటే ఈ పాటికి పటాలు ఉండేవి, కింద కూర్చునేవాళ్లు ఉండేవాళ్లు కాదు.

ఒక్కసారి మటుకు ఇక్కడినుంచి కబు బయటికి వెళ్లింది. మసానరి మేనత్త సోనొ పెళ్లయి సముద్రం ఒడ్డుకి కాపురానికి వెళ్తూ, వాళ్లమ్మ ఇచ్చిన విత్తనం గుడ్డసంచీలో కట్టుకుని వెళ్లింది. అప్పటికి ఫుకి చేతికి పగ్గం రాలేదు. గంపతో కుమ్మరించిన పాత మడి విత్తనమది, వంకరవీ జంట తోకలవీ చారలవీ అన్నీ కలిసినది. అక్కడ ఇసకలో, ఉప్పుగాలిలో, పూల కాపలా కాసే ఓపిక ఎవరికీ లేని ఊళ్లో అది ఎవరితో పడితే వాళ్లతో కలిసింది, కొన్ని పొడుగయ్యాయి, కొన్ని ఊదారంగు తిరిగాయి, ఘాటెక్కాయి. బతికుండగా సోనొ ఏటా ఒక బుట్ట పంపేది. ఆడపడుచు పంపిన బుట్ట విప్పి ఫుకి "వచ్చాయండోయ్ దారితప్పినవి!" అని నవ్వి, మన జాడీలో కలవకుండా వేరే ఊరేసేది. సోనొ పోయింది, ఆమె కొడుకు వాళ్లింటి మటుకు ఇంకా వేసుకుంటున్నాడు. మొన్న ఆ బొద్దు కాయలు గిల్లిన రోజున చిజురుకి మెరుపులా తట్టింది ఇదే. అత్తగారు ఇన్నేళ్లూ ఏరి ఎడమవైపు తోసేసినవన్నీ పోలేదు. కనుమ అవతల ఇసకలో, వంకరటింకరగా, నవ్వులపాలై, బతికే ఉన్నాయి. ఈ మడి పోగొట్టుకున్న తలుపులు తెరిచే గుర్తులు అక్కడున్నాయి. ఎవరూ దాచలేదు, ఎవరికీ దాస్తున్నామని తెలియదు, తినడానికి నాటుకున్నారంతే, అయినా దాగింది. ఎంత పెద్ద జాగ్రత్త ఇది, ఎవరి జాగ్రత్త? దేవుడి గదిలో కూడా ఎప్పుడూ ఇంత తలవంచాలనిపించలేదు తనకి. ఏ మంచుదేశం నుంచి ఎవరి జేబులో పడి బయల్దేరిందో ఈ గింజ, ఎన్ని పడవలు మారిందో, ఎన్ని కొంగుముడుల్లో కొండలు దాటిందో, ప్రతి మజిలీలోనూ కొందరు చచ్చి కొందరు మిగిలి, మిగిలినవాళ్లు అక్కడివాళ్లతో కలిసి, చలి ఒకరిని ఏరింది, ఉప్పు ఇంకొకర్ని ఏరింది, మనిషి నాలుక ఇంకొకర్ని ఏరింది, అలా ఏరుతూ ఏరుతూ వదలకుండా ఇక్కడిదాకా వచ్చిన నడక తన ఒళ్లో ఉన్న ఈ పువ్వు. ఆ నడకలో ఈ ఇంటి అందమైన గుండ్రం ఒక్క అడుగు. ఆ అడుగు దగ్గరే ఆగిపోతే?

కానీ కలిపితే ఇక వెనక్కి లేదు. అది కూడా తనకి తెలుసు, మెత్తగా చెప్పుకుని మోసపోయే రకం కాదు. ఒక్క పొద్దున కుంచె ఆడిస్తే చాలు, రేపటి విత్తనంలో ఆ పొడుగూ ఆ ఊదా ఆ ఘాటూ దూరతాయి, పాలలో పడ్డ నీళ్లని ఎవరు తీయగలరు. ఫుకి జీవితమంతా మోకాళ్ల మీద కూర్చుని తెచ్చిన ఆ రూపం, చేత్తో తడిమితే ఇది మనదే అని తెలిసే ఆ నునుపు, తన కాలంలో మళ్లీ కనిపించకపోవచ్చు. ఈసారి మంచుకి ముందు చాప మీద పోసినప్పుడు ఆ ముసలి చేతులు ఒక్కొక్కదాన్నీ ఎత్తి, ఇదెవరిది అన్నట్టు దించుతాయి. ఆ దించడం తను చూడగలదా? కుంచె నడుముకి కట్టుకున్న గుడ్డ జేబులో ఉంది. దాన్ని పైనుంచే తడుముకుంది. పూలు ఇంక నాలుగు రోజులకి మించి ఉండవు.

కింద మలుపులో ఈసారి నిజంగానే ట్రక్కు. చిజురు లేచి మెట్లు ఎలా దిగిందో తనకే తెలియదు. కొహారు తలుపు తీసుకుని దిగుతూనే అమ్మ మొహం చూసి నవ్వేసింది.

"ఉన్నాయా?"

"ముందు మంచినీళ్లివ్వవే అమ్మా! ఉన్నాయి. అంతా కాయలైపోయింది వాళ్ల చోట, గోడ నీడన పడి వెనకబడ్డ వరస ఒకటే మిగిలింది. ఆ వరసంతా నాకే కోసిచ్చాడాయన. 'మా దారితప్పిన పిల్లకి ఇన్నాళ్లకి పుట్టింటినుంచి పిలుపొచ్చిందా' అని ఒకటే నవ్వు."

"కాయలు ఎలా ఉన్నాయి అక్కడ?"

కొహారు చొక్కా జేబులోంచి ఒక పచ్చికాయ తీసి తల్లి అరచేతిలో పెట్టింది. చిజురు బొటనవేలితో నొక్కింది. తగిలాయి. ఒకటి, దాని పక్కన ఒకటి, కొసదాకా.

ట్రక్కు వెనక బకెట్‌లో నీళ్లలో పూలు. అదే పసుపు, అవే నాలుగు రేకులు, మడిలో వాటి పక్కన పెడితే ఏది ఎవరిదో తను చెప్పలేదు, పూలు చెప్పుకుంటాయి. ఇప్పుడే పైకి తీసుకెళ్లి రాసేయొచ్చు, ఇంకా కాస్త వెలుతురుంది. అత్తగారికి తెలియనే తెలియదు. కాయలు నిండితే దేవుడు కరుణించాడనుకుంటుంది, దుంపలు పొడుగెక్కితే కాలం మారిందనుకుంటుంది. చెయ్యి బకెట్ వైపు వెళ్లి ఆగింది. అంత పెద్ద సంగతిని దొంగచాటున చేయడం ఆ పూల ముందు చిన్నతనం అనిపించింది. బకెట్ ఎత్తి తీసుకెళ్లి వంటింటి గుమ్మం దగ్గర, అటూ ఇటూ తిరిగే ఎవరి కాలికైనా తగిలేచోట పెట్టింది.

భోజనంలో ఆ పూట వెదురు మొలకల చారు. చిజురు మొదటి గిన్నె ఫుకి ముందు పెట్టింది. ఫుకి ఒక గుక్క తాగి, గిన్నె దించి, గుమ్మం వైపు గడ్డంతో చూపించింది.

"ఆ పూలు మనవి కావు."

"కావత్తయ్యా. సోనొ అత్తవాళ్లవి."

"నాకు తెలుసు. కాడ బిరుసు చూస్తే తెలీదూ." కొహారు వైపు తిరిగింది. "స్నేహితురాలింటికన్నావు?"

"అక్కడా స్నేహం చేసుకున్నానులే నానమ్మా" అంది కొహారు, చారులోకి నవ్వుతూ.

మసానరి పుల్లలు పక్కన పెట్టేశాడు. చిజురు చెప్పింది. కాగితం సంచుల సంగతి, రెండు కొమ్మల సంగతి, మడిలో ఉన్నవన్నీ ఒకరికొకరు మరీ దగ్గరవాళ్లైపోయిన సంగతి. అయిపోయాక ఫుకి తన కుడి అరచెయ్యి చూసుకుంది.

"అయితే నా ఏరడంవల్లే అంటావు."

కాదని అనడానికి మసానరి నోరు తెరిచాడు. చిజురు అతన్ని ఆగమన్నట్టు చూసింది.

"అవునత్తయ్యా. మీరు ఏరితే నేనూ మురిసిపోతూ పాతాను."

"ఒకసారి కలిపాక మళ్లీ విడదీయగలవా?"

"లేదు."

"గుండ్రం పోతుంది."

"కొన్నిటికి పోతుంది. కొన్నిటికి మిగలొచ్చు. ఏమవుతుందో నాకు తెలీదు."

"ఈ మాట ఆయనకెవరు చెప్తారు?" ఫుకి గోడమీద తన భర్త పటం వైపు చూసింది.

"పొద్దున పటం ముందు అన్నం పెట్టినప్పుడే చెప్పాను."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. బతికున్నప్పుడు మాత్రం ఏమన్నారు గనక."

ఫుకికి ముందు దగ్గొచ్చింది, అది నవ్వని తెలియడానికి కాస్త సమయం పట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుని, తాగకుండా పట్టుకుంది.

"ఏరేరోజు నన్ను చాప పక్కన కూర్చోబెట్టు. నోరెత్తను."

"నువ్వా నానమ్మా!" అంది కొహారు.

"నోరెత్తినా పరవాలేదత్తయ్యా, ఎత్తండి" అంది చిజురు. "కానీ రేపు పొద్దున పూలు రాసేది నేను. ఒక్క మొక్క కూడా వదలను. ఈసారి దుంపలు ఏరేదీ నేనే, వంకరవి కూడా పాతుతాను."